వెయ్యి నవలల కొవ్వలి

హాస్టల్ వార్షికోత్సవం దగ్గర పడిందంటే ప్రతి ఏడాదీ పనులు పంచుకుంటాం. రంగు కాగితాలు కట్టేవాళ్లు కడతారు, స్టేజీ పనికి పోయేవాళ్లు పోతారు. పీజీ చదువుతున్నాం కదా అని పుస్తకాల బీరువా సర్దే పని మా మీద పడుతుంది. మన హాస్టల్‌లో గ్రంథాలయం అంటే పెద్ద గది ఏమీ కాదని అందరికీ తెలుసు. టీవీ హాలులో ఒక మూల రెండు ఇనుప బీరువాలు, ఒక చెక్క ర్యాకు, అంతే. ఈసారి కొత్తగా వచ్చిన గ్రూప్స్ పుస్తకాలకు, డీఎస్సీ మెటీరియల్‌కు చోటు చాలలేదు. అందుకని నేల మీద రెండు కుప్పలు పోశాం. ఉంచాల్సినవి ఒక కుప్ప, పాత పేపర్లు కొనే అతనికి తూకానికి వేయాల్సినవి ఒక కుప్ప.

రెండో కుప్పలోకి మొట్టమొదట పోయినవి నవలలు. అట్టలు ఊడిన యద్దనపూడి సులోచనారాణి నవలలు, దారంతో కట్టిన మధుబాబు షాడో పుస్తకాలు, చివరి పేజీలు లేని యండమూరి నవలలు. టైంపాస్ పుస్తకాలు కదా, ఇవి చదివితే ఉద్యోగం వస్తుందా అని మేమే అనుకున్నాం. అన్నీ కుప్ప పోశాక ఒక సంగతి కనపడింది. తూకానికి వేద్దామనుకున్న పుస్తకాలే అన్నిటికన్నా ఎక్కువ నలిగిపోయి ఉన్నాయి. ఉంచుదామనుకున్న వాటిలో సగం విప్పిన గుర్తు కూడా లేదు. ఒక నవల లోపలి అట్ట మీద ఎవరో పాత విద్యార్థి పెన్నుతో పేజీ నంబరు వేసి, ఆ కాగితం చింపినవాడు దయచేసి తెచ్చి ఇవ్వాలని రాసి పెట్టాడు. దాని కింద ఇంకో చేతిరాతలో, ఆ పేజీలో ఏం జరిగిందో రెండు లైన్లలో రాసి ఉంది. మన బీరువాలో ఇంత ప్రేమగా చూసుకున్న పుస్తకం ఇంకొకటి మాకు కనపడలేదు.

ఆ రాత్రి ఆ కుప్ప అలాగే వదిలేసి, ఇలాంటి పుస్తకాలను తెలుగువాళ్లకు అలవాటు చేసింది ఎవరని మాలో మేము చర్చించుకున్నాం. అలా తేలిన పేరు కొవ్వలి లక్ష్మీ నరసింహరావు. వెయ్యి నవలలు రాసిన మనిషి. మా తరం వాళ్లలో ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. అందుకే ఈ సంచికలో ఆయన జీవితం గురించి రాస్తున్నాం. రాస్తూ, అసలు పాఠకుడు ఇలాంటి నవలలో ఏం వెతుక్కుంటాడు అన్న ప్రశ్నకు మాకు తోచిన జవాబు కూడా చెప్పుకుంటాం.

తణుకు నుంచి మొదలైన ప్రయాణం

కొవ్వలి 1912 జూలై 1న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని తణుకులో పుట్టారు. అప్పటికి తెలుగు నవల వయసు నలభై ఏళ్లు కూడా లేదు. తొలి నవలగా ఎక్కువమంది చెప్పుకునే కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' 1878లో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన నవలలు చాలావరకు చదువుకున్నవాళ్ల కోసం చదువుకున్నవాళ్లు రాసినవి. భాష గ్రాంథికం. వాడుక భాషలో రాయాలని గిడుగు రామమూర్తి గారు పోరాడుతున్న రోజులవి. బడికి పోయి, పంతులు దగ్గర కూర్చుని, పద్యాలు వల్లె వేసినవాడికి తప్ప మామూలు మనిషికి పుస్తకం దగ్గరయ్యేది కాదు.

కొవ్వలి మొదటి నవల 'పల్లెపడుచులు' 1935లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు. ఈ వ్యాసం రాస్తున్న వాళ్ల వయసు కూడా ఇంచుమించు అంతే కాబట్టి ఆ అంకె మాకు ప్రత్యేకంగా గుర్తుండిపోయింది.

ఆయన రాయడం మొదలుపెట్టిన రోజుల్లో తెలుగు నవలకు మంచి కాలం నడుస్తోంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ పెడితే విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు', అడివి బాపిరాజు గారి 'నారాయణరావు' బహుమతి పంచుకున్నాయి. అవి పెద్ద నవలలు, తీరిక ఉన్నవాళ్లు, భాష వచ్చినవాళ్లు చదువుకునే నవలలు. ఒకాయన వేయి పడగల నవల రాసి ప్రసిద్ధికెక్కారు, ఇంకొకాయన వెయ్యి నవలలే రాసేశారు. మొదటి ఆయన మా సిలబస్‌లో ఉన్నారు. రెండో ఆయన లేరు.

నెలకు రెండు

1935 నుంచి 1975లో చనిపోయేదాకా కొవ్వలి రాస్తూనే ఉన్నారు. నలభై ఏళ్లలో వెయ్యి నవలలు. లెక్క వేసి చూస్తే ఏడాదికి పాతిక, నెలకు రెండు. అంటే పక్షానికి ఒక నవల చొప్పున నలభై ఏళ్ల పాటు ఆపకుండా. మనం సెమిస్టర్‌కు ఒక అసైన్‌మెంట్ రాయడానికి పడే కష్టం తలచుకుంటే ఆ మాట ఎంత పెద్దదో అర్థమవుతుంది. అందులో సాంఘికాలు ఉన్నాయి, జానపదాలు ఉన్నాయి, చారిత్రకాలు ఉన్నాయి, అపరాధ పరిశోధనలు ఉన్నాయి. 'జగజ్జాణ' పేరు పాత తరం పాఠకులు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఆయన నవలలు చిన్న పుస్తకాలు. రాజమండ్రిలోని కొండపల్లి వీరవెంకయ్య వంటి ప్రచురణకర్తలు అలాంటి పుస్తకాలను ఊరూరా అందించిన కాలం అది. ధర కొన్ని అణాలు. రూపాయికి పదహారు అణాల లెక్క 1957లో నయాపైసలు వచ్చేదాకా నడిచింది. కూలి డబ్బులతో బతికేవాళ్లకు అణా కూడా అణానే. అయినా పెద్ద నవల కొనలేని గుమాస్తా, కొట్లో పని చేసే కుర్రాడు, బడిపంతులు ఈ చిన్న పుస్తకాన్ని కొనగలిగారు. కొన్నది ఒకరు, చదివింది పదిమంది.

ఈ పుస్తకాలు ఎక్కువగా అమ్ముడైన చోటు రైల్వే స్టేషన్. మద్రాసు నుంచి కలకత్తా పోయే రైలుమార్గం బెజవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, రాజమండ్రి మీదుగా పోతుంది. రైలు కోసం గంటలు గంటలు ఎదురుచూడటం, ఎక్కాక గంటలు గంటలు కూర్చోవడం. ఆ సమయానికి సరిపోయే పుస్తకం కావాలి. ఎక్కిన స్టేషన్‌లో కొంటే దిగే స్టేషన్‌కు అయిపోవాలి. కొవ్వలి నవల సరిగ్గా అలాంటిది. అందుకే పండితులు వీటికి రైల్వే సాహిత్యం అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది తక్కువ చేయడానికే. మాకైతే అది మంచి పేరుగానే తోచింది. రైల్లో ఫస్ట్ క్లాస్ వాడూ ఉంటాడు, థర్డ్ క్లాస్ వాడూ ఉంటాడు. పుస్తకాల షాపు మాత్రం ప్లాట్‌ఫారం మీద అందరికీ ఒక్కటే.

కొవ్వలి తొలి నవల వచ్చిన 1935లోనే కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం గారి చొరవతో పడవ గ్రంథాలయం మొదలైంది. పడవలో ప్రయాణం చేసేవాళ్లకు పుస్తకాలు ఇచ్చేవాళ్లు. ఇక్కడ కాలువలో పడవ, అక్కడ పట్టాల మీద రైలు. చదువరి ఎక్కడ ఉంటే పుస్తకం అక్కడికి పోవాలన్న ఆలోచన ఒక్కటే. గ్రంథాలయోద్యమం ఆ పని సేవగా చేసింది. కొవ్వలి, ఆయన ప్రచురణకర్తలు దాన్ని బేరంగా చేశారు. రెండిటి వల్లా చదివేవాళ్లు పెరిగారు.

పాఠకుడు ఏం వెతుక్కున్నాడు

ఒక్క మనిషి రాసిన వెయ్యి నవలలు అమ్ముడుపోవాలంటే అందులో పాఠకుడికి కావలసింది ఏదో ఉండాలి. బలవంతంగా ఎవరూ అణాలు ఇవ్వరు. అది ఏమిటని మేము ఆలోచిస్తే నాలుగు సంగతులు తోచాయి.

మొదటిది భాష. కొవ్వలి తేలిక మాటల్లో రాశారు. నిఘంటువు తిరగేయక్కర్లేదు. కొత్తగా చదవడం నేర్చుకున్నవాడు ఒక పేజీ తడుముకోకుండా దాటగలిగితే రెండో పేజీకి పోతాడు. మొదటి పేజీలోనే నాలుగుచోట్ల ఆగిపోతే పుస్తకం మూసేసి, చదువు తనకు రాదనుకుంటాడు. మనలో చాలామందికి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియం పుస్తకం మొదటిసారి తెరిచినప్పుడు ఇది అనుభవమే. భాష తేలికగా ఉండటం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అనేది అక్కడే తేలుతుంది.

రెండోది, కథ ఆగకూడదు. తర్వాత ఏమవుతుంది అన్న ఒక్క ప్రశ్న పాఠకుణ్ణి లాక్కుపోవాలి. ఊళ్లో ఒగ్గు కథ, బుర్రకథ రాత్రంతా వినేవాళ్లకు ఇది కొత్త కాదు. కథ చెప్పేవాడు ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి తాళం వేస్తే జనం లేచిపోరు. కథల కోసం చెవి కోసుకునే ఆ జనాన్నే అచ్చు పుస్తకం వైపు తిప్పాడు జనరంజక నవలాకారుడు.

మూడోది మాట నిలబెట్టుకోవడం. ప్రేమకథ కొన్నవాడికి ఆ ఇద్దరూ చివరికి ఏమయ్యారో చెప్పాలి. అపరాధ పరిశోధన కొన్నవాడికి హంతకుడు దొరకాలి. ముగింపు ముందే తెలిసిన కథ ఎందుకు చదువుతారని కొందరు వెక్కిరిస్తారు. ముగింపు తెలిసిన రామాయణాన్ని మనవాళ్లు ఎన్ని వందల ఏళ్లుగా వింటున్నారు? చివరికి మంచి జరుగుతుందన్న భరోసా ఉంటేనే మధ్యలో కష్టాలను ధైర్యంగా చూడగలం. జీవితంలో ఆ భరోసా ఎవరూ ఇవ్వరు. నవల ఇస్తుంది.

నాలుగోది, మాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది, న్యాయం. ఆ రోజుల్లో ఆడవాళ్ల పరిస్థితి ఏమిటో చూడండి. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అది కూడా ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండితే చాలంది. విడాకుల హక్కు 1955 హిందూ వివాహ చట్టంతో వచ్చింది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అంటే కొవ్వలి రాయడం మొదలుపెట్టిన ఇరవై ఏళ్ల దాకా, ఇంట్లో నలిగిపోతున్న ఆడపిల్ల వైపు మాట్లాడే చట్టం పెద్దగా లేదు. సాంఘిక నవల ఆ ఆడపిల్ల కష్టాన్ని కథ మధ్యలోకి తెచ్చి నిలబెట్టింది. పెళ్లి, కట్నం, అత్తిల్లు, ఆశపడిన మనిషి, అడ్డం వచ్చిన పెద్దలు. చదివే ఆమె తన ఇంట్లో నోరు విప్పి చెప్పలేనిది అక్కడ అచ్చులో కనపడింది. తన ఒక్కదాని బాధ కాదని తెలిసింది. ప్రేమ నవలలో పాఠకురాలు వెతుక్కునేది ప్రేమ ఒక్కటే అని అందరూ అనుకుంటారు. తనను ఒకరు మనిషిగా గుర్తించడం, తన ఇష్టం ఏమిటని అడగడం, చేసిన అన్యాయానికి చివరికి లెక్క తేలడం, ఇవన్నీ ఆ ప్రేమ అన్న మాటలోనే ఉన్నాయి.

1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 18.33 శాతం. ఆడవాళ్లలో అయితే 8.86 శాతం. నూరుమంది ఆడవాళ్లలో చదవగలిగినవాళ్లు తొమ్మిది మంది కూడా లేరు. అలాంటి కాలంలో కొవ్వలి నవలలు చదవడం కోసమే అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు ఉన్నారని పాతవాళ్లు చెబుతారు. ఎంతమంది అని ఎవరూ లెక్క తీయలేదు. కానీ ఆ మాట మాకు నమ్మబుద్ధి అవుతుంది. బస్సు బోర్డు చదవడం కోసం అక్షరాలు నేర్చుకున్న అమ్మలు మా ఇళ్లలో ఉన్నారు. అవసరం ఉంటే చదువు వస్తుంది. ఇష్టం ఉంటే ఇంకా తొందరగా వస్తుంది.

ఇది ఒక్క తెలుగువాళ్ల సంగతే కాదు. ఇంగ్లండులో 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్ కంపెనీ 1930ల్లో ప్రేమ నవలల మీదే నిలదొక్కుకుంది. అక్కడ కూడా కొనేవాళ్ల కన్నా అద్దెకు తెచ్చుకుని చదివే ఆడవాళ్లు ఎక్కువ. ఆ పుస్తకాల అట్టలు గోధుమ రంగులో ఉండేవి. రచయిత పేరు చూడకుండా ఆ రంగు చూసి తీసుకునేవాళ్లు. మన దగ్గర కొవ్వలి పేరు చూసి తీసుకున్నట్టే.

విమర్శకులు చెప్పింది

కొవ్వలి మీద విమర్శలు చాలా వచ్చాయి. చౌకబారు రాతలని, కుర్రవాళ్లు చెడిపోతారని, ఆడపిల్లలు ఊహల్లో తేలిపోతారని పెద్దలు అన్నారు. దిండు కింద దాచుకుని చదివే పుస్తకమని ముద్ర వేశారు. సాహిత్య చరిత్రలు రాసినవాళ్లు కూడా ఆయన్ని ఒకటి రెండు వాక్యాలతో దాటేశారు.

ఈ విమర్శ అంతా తప్పని మేము అనము. పక్షానికి ఒక నవల రాసే మనిషి ప్రతిదాన్నీ చెక్కుతూ కూర్చోలేడు. ఒకే రకం మలుపులు మళ్లీ మళ్లీ రావడం, పాత్రలు ఒక మూసలో పోసినట్టు ఉండటం, అంత వేగంలో తప్పదు. కలం మీదే ఇల్లు గడవాల్సిన రచయితకు ఆగి ఆలోచించే తీరిక ఎక్కడిది? ప్రచురణకర్తకు వచ్చే నెల పుస్తకం కావాలి, పాఠకుడికి ప్లాట్‌ఫారం మీద కొత్త పేరు కనపడాలి.

కానీ ఒక మాట ఆలోచించాలి. ఆ విమర్శ చేసినవాళ్ల ఇళ్లలో తాతల కాలం నుంచి పుస్తకాలు ఉన్నాయి. ఏది గొప్ప పుస్తకమో, ఏది కాదో ఎంచుకునే వీలు వాళ్లకు పుట్టుకతోనే ఉంది. మొదటిసారి పుస్తకం పట్టుకున్నవాడికి అలా ఎంచుకునే పరిస్థితి లేదు. ముందు వాడికి పుస్తకం అంటే భయం పోవాలి. తర్వాతే మంచీ చెడూ తెలుస్తుంది. మెట్టు ఎక్కకుండా మేడ ఎక్కమంటే ఎలా?

మన సంగతి ఏమిటి

ఇక్కడ మా మనసులో మెదిలిన ఇంకో ప్రశ్న కూడా దాచుకోకుండా చెప్పాలి. ఆ రైల్వే నవలల కాలంలో మన తాతలు, ముత్తాతలు ఎక్కడ ఉన్నారు? పుస్తకం కొనే స్తోమత లేదు, చాలాచోట్ల బడిలోకి రానివ్వలేదు. మన వాడల జీవితాన్ని నవల నడిమధ్యలో పెట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' 1922లో వస్తే దాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. జనరంజక నవల ఆడవాళ్ల కన్నీళ్లను పట్టించుకుంది సరే, మన వాడలను ఎంత పట్టించుకుంది? ఈ ప్రశ్న కొవ్వలి ఒక్కరికే కాదు, ఆ తర్వాత వచ్చిన పాపులర్ రచయితలందరికీ వేయాల్సిందే. మేడలు, కార్లు, సెక్రటరీలు, డాక్టర్లు ఉన్న కథల్లో మన హాస్టల్ లాంటి చోటు కనపడటం అరుదు.

అయితే పాఠకుడు కథలో వెతుక్కునేది మన వాళ్లు కూడా వెతుక్కున్నారు. కొవ్వలి కన్నా ఒక ఏడాది ముందు, 1911లో, అదే గోదావరి సీమలో మామిడికుదురులో బోయి భీమన్న గారు పుట్టారు. ఆయన రాసిన 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని పెద్ద ఉద్యోగి అవుతాడు. ఆ నాటకం ఊరూరా ఆడారు. అది చూసి పాలేర్లు తమ పిల్లలను పనిలోంచి తీసి బడికి పంపారని చెప్పుకుంటారు. విమర్శకుడు ఆ ముగింపును ఊహ అనవచ్చు, కలల కథ అనవచ్చు. ఆ కలే కొందరు పిల్లలకు పలక కొనిపెట్టింది. ఈ హాస్టల్లో కూర్చుని ఇది రాస్తున్న మాకు అంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు.

మన తెలంగాణలో నిజాం కాలంలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టం. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో పెట్టారు. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు చిన్నప్పుడు ఇళ్లలో వంటపని చేసి, హోటల్లో సర్వర్‌గా చేసి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. పుస్తకాలు మోసుకుని తిరిగి అమ్మారు. ఆయన అమ్మింది వేరే రకం పుస్తకం, కొవ్వలి రాసింది వేరే రకం. కానీ మామూలు మనిషి చేతికి అచ్చు కాగితం అందాలన్న పట్టుదల ఇద్దరిదీ.

కొవ్వలి తర్వాత

కొవ్వలితో పాటు చెప్పుకోవాల్సిన పేరు జంపన చంద్రశేఖరరావు. ఆయన కూడా జనరంజక నవలలు రాసి, తర్వాత సినిమా దర్శకుడై 1960లో 'భట్టి విక్రమార్క' తీశారు. కొవ్వలి, జంపన అని జంటపేర్లుగా పాతవాళ్లు చెప్పుకుంటారు. తర్వాత కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ వచ్చాడు. 1960ల్లో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' వచ్చింది. దానిలోని జయంతి, రాజశేఖరం పేర్లు ఇళ్లల్లో మనుషుల పేర్లయిపోయాయి. 1980 ప్రాంతంలో యండమూరి 'తులసిదళం' కోసం జనం వారం వారం వారపత్రిక వచ్చే రోజు లెక్కపెట్టుకున్నారు. వీధి వీధికీ అద్దె పుస్తకాల షాపులు వెలిశాయి. ఈ దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతాల నుంచి పోయిన కుర్రాళ్లు కోఠి ఫుట్‌పాత్ మీద పాత నవలలు తెచ్చుకుని రూముల్లో చేతులు మార్చుకునేవాళ్లని మన పాత విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. స్టడీ అవర్‌లో ఎకనామిక్స్ పుస్తకం మధ్యలో పెట్టుకుని షాడో చదివిన అన్నలు ఇప్పుడు ఆఫీసర్లు. ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తోంది. ప్రతిలిపి వంటి యాప్‌లలో తెలుగు ప్రేమకథలు భాగాలు భాగాలుగా వస్తున్నాయి. మెట్రోలో నిలబడి చదివేవాళ్లను చూస్తుంటాం. రైలు మారింది, పుస్తకం మారింది, వెతుక్కునేది మారలేదు.

కొవ్వలి 1975 జూన్ 8న కన్నుమూశారు. అరవై మూడేళ్లు నిండటానికి ఇంకా మూడు వారాలు ఉంది. ఆయన రాసినవాటిలో చాలా పుస్తకాలు ఇప్పుడు దొరకడం కష్టం. ఈ వ్యాసం కోసం మేము రెండు ఆదివారాలు ఆబిడ్స్‌లో, కోఠిలో తిరిగాం. ఒక్కటి కూడా దొరకలేదు. మొదట నిరాశ పడ్డాం. తర్వాత అనిపించింది, ఎవరూ ముట్టని పుస్తకం బీరువాలో క్షేమంగా ఉంటుంది. పదిమంది చేతులు మారి, అట్ట ఊడి, కాగితం చిరిగి, పొయ్యి రాజేయడానికి పోయిన పుస్తకం మిగలదు. అది చదివిన మనుషులే మిగులుతారు. వాళ్ల పిల్లలకు పుస్తకం పరాయిది కాకుండా పోయింది.

మా కుప్ప ఏమైంది

మళ్లీ మన బీరువా దగ్గరికి వద్దాం. మాలో ఎక్కువమంది ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మేము చదివిన మొదటి పుస్తకం ఏదని ఆ రాత్రి ఒకరినొకరు అడుగుకున్నాం. పాఠ్యపుస్తకం కాకుండా ఇష్టపడి చదివిన మొదటి పుస్తకం. అందరి జవాబూ ఇంచుమించు ఒక్కటే. ఎక్కడో ఎవరో వదిలేసిన, అట్టలేని ఒక నవల. ఒకరికి ఊళ్లో కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే కాగితాల్లో దొరికింది. ఒకరికి ఎనిమిదో తరగతి హాస్టల్లో సీనియర్ అన్న ట్రంకు పెట్టెలో దొరికింది. ఆ పుస్తకం పేరు ఇప్పుడు చెప్పడానికి కొందరం సిగ్గుపడ్డాం. పీజీ దాకా వచ్చినవాళ్లం ఎక్కి వచ్చిన మెట్టును చూసి సిగ్గుపడితే, ఇప్పుడు కింది మెట్టు మీద ఉన్న తమ్ముడి గతి ఏమిటి?

అందుకని నవలల కుప్పను తూకానికి వేయలేదు. విడిపోయిన కాగితాలు జిగురుతో అంటించి, పాత క్యాలెండర్ అట్టలు వేసి, చెక్క ర్యాకు కింది వరసలో పెట్టాం. ఎనిమిదో తరగతి పిల్లవాడి చేయి అందే ఎత్తు అది. గ్రూప్స్ పుస్తకాలు పై వరసల్లో ఉన్నాయి. ఎవరికి ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. స్టడీ అవర్‌లో మాత్రం కింది వరస ముట్టకూడదని వార్డెన్ సార్ షరతు పెట్టారు, మేము ఒప్పుకున్నాం.

పాత విద్యార్థులకు ఒక మనవి. మీ ఇళ్లలో అటక మీద పడి ఉన్న నవలలు ఉంటే మన హాస్టల్‌కు తెచ్చి ఇవ్వండి. అట్ట లేకపోయినా పరవాలేదు, చివరి పేజీలు ఉంటే చాలు. కొవ్వలి నవల ఒక్కటి దొరికినా ఈ ర్యాకులో మొదటి స్థానం దానికే ఇస్తాం. చింపి తీసుకుపోయిన ఆ కాగితం మీలో ఎవరి దగ్గరైనా ఉంటే అది కూడా ఇప్పటికైనా తెచ్చి ఇవ్వాలని కోరుతున్నాం. పుస్తకం ఇంకా ఇక్కడే ఉంది.